అటక మీది ఇత్తడి, ఫోనులో బేరం

పాత సామాను కొని ఆన్‌లైన్‌లో అమ్మడం గురించి పల్నాడు పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ సమాధానాలిస్తున్నాం. ఒకే సందేహం చాలామంది అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం.

మా పాతిల్లు పడగొట్టి కొత్తది కడుతున్నాం. అటక మీంచి అత్తగారి నాటి ఇత్తడి బిందెలు, గంగాళం, మరచెంబు, కంచు గిన్నెలు దిగాయి. బండి మీద తిరిగే పాత సామాన్లాయన కిలోల లెక్కన అడుగుతున్నాడు. ఫోనులో పెడితే ఎక్కువొస్తుందని మా అమ్మాయి అంటోంది. చుట్టుపక్కల ఇళ్ళలోవి కూడా కొని అమ్మొచ్చా? (ఒక గృహిణి, ముప్పాళ్ళ)

మీ అమ్మాయి మాట నిజమే, కానీ అన్నిటి విషయంలోనూ కాదు. ముందు సామానంతా రెండు కుప్పలు చెయ్యండి. సొట్టలు పడి, అడుగు అతుకులేసిన మామూలు బిందెలు ఒక కుప్ప. పనితనం ఉన్నవి, ఇప్పుడు చెయ్యనివి రెండో కుప్ప. మరచెంబు, ఉగ్గుగిన్నె, కుంకుమ భరిణ, దీపపు కుందులు, కంచు గిన్నెలు ఇందులోకి వస్తాయి. మొదటి కుప్పకు లోహం ధరే దొరుకుతుంది. దాన్ని బండాయనకే ఇవ్వండి, కాకపోతే తూకం మీ కళ్ళముందు, మీ త్రాసులో జరగాలి. రెండో కుప్పను కిలోల లెక్కన ఇస్తే మాత్రం నష్టపోయినట్టే.

అమ్మకానికి పెట్టేముందు మరచెంబును చేతిలోకి తీసుకుని చూడండి. మర సాఫీగా తిరుగుతోందా? మూత బిగించి నీళ్ళు పోసి వంచితే కారుతోందా? మెడ కింద, అడుగున పేరేమైనా చెక్కి ఉందా? మన ఇళ్ళలో సామాను మీద ఆడపడుచు పేరో, పెళ్ళి తేదీయో చెక్కించడం రివాజు. ఆ అక్షరాలున్న చెంబుకు మంచి గిరాకీ ఉంటుంది. ఫొటోలో ఆ చెక్కుడు దగ్గరగా కనపడాలి. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి ఫొటో తియ్యకండి. పాత ఇత్తడి కొనేవాళ్ళలో చాలామంది ఆ నల్లదనాన్నే కోరుకుంటారు. దుమ్ము తుడిచి, నీడలో, పగటి వెలుతురులో తీస్తే చాలు. బరువు, ఎత్తు, మూతి వెడల్పు రాయండి. సొట్ట ఉంటే అది కూడా ఫొటోలో చూపించండి. వంట పాత్ర అయితే లోపల కళాయి ఉందో పోయిందో తప్పకుండా చెప్పాలి. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాస్తే ఒంటికి మంచిది కాదు.

ఇక పంపించడం. కొత్తగా దిగినవాళ్ళ లాభమంతా ఇక్కడే కారిపోతుంది. చాలా కొరియర్ సంస్థలు అసలు బరువు, పెట్టె పరిమాణాన్నిబట్టి లెక్కగట్టే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. 35, 35, 40 సెంటీమీటర్ల పెట్టెలో నాలుగు కిలోల బిందె పెట్టారనుకోండి. లెక్క 9.8 కిలోలు తేలుతుంది, మీ దగ్గర దాదాపు పది కిలోల చార్జీ తీసుకుంటారు. అందుకే బిందెలు, గంగాళాలు గుంటూరులోనో విజయవాడలోనో చేతికిచ్చి రాగలిగినవాళ్ళకే అమ్మండి. పార్సిల్‌కి పనికొచ్చేది మరచెంబు, భరిణ లాంటి చిన్న సామానే.

చుట్టుపక్కల ఇళ్ళలోవి కొనడం మీద నా మాట గట్టిగానే ఉంటుంది. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ దగ్గర తూకం లెక్కన కొని, అదే వస్తువును నాలుగింతలకు ఫోనులో అమ్మడం చట్టం దృష్టిలో నేరం కాకపోవచ్చు. ఆ సంగతి ఊళ్ళో తెలిసిన రోజున మాత్రం మీకు ఇంకో గడప తెరుచుకోదు. కొనడానికి బదులు అమ్మిపెట్టండి. "ఇంతకు అమ్ముడుపోవచ్చు పిన్నిగారూ, పార్సిల్ ఖర్చు పోను మిగిలినదాంట్లో నాలుగో వంతు నాకివ్వండి" అని ముందే చెప్పి, పుస్తకంలో రాసి, వస్తువు ఫొటో ఆమెకు కూడా ఇవ్వండి. మీ పెట్టుబడి సున్నా, అమ్ముడుపోకపోతే వస్తువు తిరిగి ఆమె ఇంటికే వెళ్తుంది. పల్లెలో ఈ వ్యాపారం నిలబడటానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

పాత పట్టుచీరలు కొంటామంటూ వచ్చేవాళ్ళు చిరిగిన చీరకు కూడా డబ్బులిస్తున్నారు. వాళ్ళకేం లాభం? (ఒక పాఠకురాలు, సత్తెనపల్లి)

వాళ్ళకు కావాల్సింది చీర కాదు, జరీ. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ చదును చేసిన సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. చీరను కాల్చి ఆ వెండి తీస్తారు. బంగారం పూత మాత్రమే, తీగంతా వెండే. వెండి ధర పెరిగినప్పుడల్లా ఇలా తిరిగేవాళ్ళు ఎక్కువవుతారు.

కొంగు చివర తిరగవేసి ఒక్క జరీ పోగు లాగి చూడండి. గోటితో గీరితే పూత పోయి కింద తెల్లగా కనిపిస్తే వెండి. ఎర్రగా కనిపిస్తే రాగి తీగ. లోపలి పట్టు దారానికి కూడా ఎర్ర రంగు వెయ్యడం మామూలే, దాన్ని చూసి రాగి అనుకోకండి, మీరు చూడాల్సింది తీగను. అగ్గిపుల్ల దగ్గర పెడితే ముడుచుకుపోయి ప్లాస్టిక్ వాసన వస్తే ఆ జరీకి విలువ లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడిన జరీని చూసి నకిలీ అని పారెయ్యకండి. వెండి కూడా నల్లబడుతుంది.

చీర గట్టిగా ఉంటే కాల్చేవాళ్ళకు అసలే ఇవ్వొద్దు. పాత నేత కట్టుకునేవాళ్ళు, అంచు తీసి కొత్త చీరకు వేయించుకునేవాళ్ళు ఉన్నారు. పట్టు మొదట చీకిపోయేది మడతల దగ్గర. చీరను విప్పి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆ గీతలు తెలిసిపోతాయి. ఒక్క గీత ఉన్నా కొనేవాళ్ళకు ముందే చెప్పండి.

నేను డిగ్రీ చదువుతున్నాను. తాతగారి పెట్టెలో పాత చందమామలు, సోవియట్ పుస్తకాలు, వారపత్రికల సీరియళ్ళ బైండ్లు దొరికాయి. వీటిని కొనేవాళ్ళుంటారా? దీన్నే చిన్న వ్యాపారంగా చెయ్యొచ్చా? (ఒక విద్యార్థి, నరసరావుపేట)

తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది నీదే. తక్కువ పెట్టుబడితో, వస్తువు తెలిసినవాడికి నాలుగు డబ్బులు మిగిల్చే సరుకు పాత తెలుగు పుస్తకం. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఒక్కపూట నిలబడి చూడు. ఏ పుస్తకం కోసం ఎవరు ఎలా అడుగుతున్నారో వినడమే నీకు మొదటి పాఠం.

చందమామ 1947 జులైలో మొదలైంది. తొలి ఏళ్ళ సంచికలు అరుదు, తర్వాతివి మామూలుగా దొరుకుతాయి. పాత సంచికలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో ఉన్నాయి కాబట్టి కథ చదవాలనుకునేవాళ్ళు నీ దగ్గర కొనరు. కొనేది అసలు కాగితం కావాలనుకునేవాళ్ళు. వడ్డాది పాపయ్య బొమ్మ వేసిన అట్ట అతుకుల్లేకుండా ఉందా, మధ్య పేజీలు ఊడిపోయాయా, పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తిన్నాయా, అవన్నీ చూస్తారు. పూర్వం ఏడాది సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలు తీసేసి, అంచులు కత్తిరించేవాళ్ళు. చదువుకోవడానికి ఆ బైండు బాగానే ఉంటుంది, ధర మాత్రం విడి సంచికలకు వచ్చినంత రాదు. బైండు విప్పదీసి విడివిడిగా అమ్మే ప్రయత్నం చెయ్యకు, కాగితం చిరుగుతుంది.

సీరియళ్ళ బైండ్లను తక్కువ చెయ్యకు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి, వారం వారం దాచి, బైండు చేయించుకోవడం మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎంతో ఓపికగా చేసిన పని. తర్వాత పుస్తకంగా వచ్చిన నవలలో సాధారణంగా బొమ్మలుండవు. ఈ బైండులో బాపు లాంటివాళ్ళు వేసిన బొమ్మలు ఉండిపోతాయి. అందుకే బొమ్మలు వేసిందెవరో చూసి, అమ్మేటప్పుడు ఆ పేరు రాయి. ఒక్క వారం పేజీలు లేకపోయినా ఆ సంగతి చెప్పాలి. కాబట్టి అమ్మేముందు పేజీలన్నీ కూర్చుని లెక్కబెట్టాల్సిందే.

మాస్కో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు సోవియట్ యూనియన్‌తోనే ఆగిపోయాయి. ఒకప్పుడు విశాలాంధ్ర పుస్తకాల కొట్లలో చవగ్గా దొరికిన ఆ పిల్లల పుస్తకాలను చిన్నప్పుడు చదివినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల కోసం, మనవల కోసం వెతుక్కుంటున్నారు. భారతి పత్రిక దొరికితే మాత్రం అమ్మడానికి తొందరపడకు. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన పత్రిక అది, పరిశోధకులకు అవసరం. ముందు ఎవరైనా తెలుగు అధ్యాపకుడికి చూపించు.

మూడు జాగ్రత్తలు. గ్రంథాలయం ముద్ర ఉండి, "రద్దు చేయబడినది" అన్న ముద్ర లేని పుస్తకాన్ని ఎంత తక్కువకొచ్చినా కొనకు. అది పదిమంది చదువుకోవాల్సిన పుస్తకం. నీ దగ్గరున్న ప్రతిని అమ్ముకునే హక్కు నీకుంది కానీ, దాన్ని జిరాక్స్ తీసో పీడీఎఫ్ చేసో అమ్మే హక్కు లేదు. రచయిత పోయాక 60 ఏళ్ళదాకా కాపీరైటు ఉంటుంది. తాళపత్రాలు, చేతిరాత ప్రతులు కనిపిస్తే వాటి లెక్క వేరు, 75 ఏళ్ళు దాటినవి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు.

పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న ప్రారంభించిన జ్ఞాన్ పోస్ట్ వాడుకో. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంటుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. పత్రికలకు ఈ సదుపాయం వర్తించదు కాబట్టి చందమామల ఖర్చు వేరేగా లెక్కేసుకో.

ఆన్‌లైన్‌లో అమ్మితే జీఎస్టీ కట్టాలా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. (ఒక చిరువ్యాపారి, పిడుగురాళ్ళ)

మీ ఇంట్లో వాడుకున్న సామాను మీరు అమ్ముకుంటే అది వ్యాపారం కాదు, జీఎస్టీ లేదు. కొని అమ్మడం మొదలుపెడితే వ్యాపారమే. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకు ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే చిన్నవాళ్ళకు కూడా ఈ వెసులుబాటు వచ్చింది. కాకపోతే అమ్మకం రాష్ట్రం లోపలే జరగాలి, పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసుకుని నంబరు తీసుకోవాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. హైదరాబాదు ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంది. ఇక్కడి ఇత్తడి దీపం అక్కడికి అమ్మితే అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవరు ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ కావాలి. పుస్తకాలకు, పత్రికలకు అసలు పన్నే లేదు కనుక, అవి మాత్రమే అమ్మేవాళ్ళకు ఈ చిక్కు లేదు. రిజిస్టరైతే భయపడాల్సిన పనీ లేదు. పాత సరుకుకు కొన్న ధర, అమ్మిన ధర మధ్య తేడా మీదే పన్ను కట్టే పద్ధతి ఉంది. ఆ తేడా రుజువు కావాలంటే కొన్న ప్రతిసారీ తేదీ, వస్తువు, ధర, ఇచ్చినవాళ్ళ సంతకం ఉన్న చీటీ ఉండాలి. ఈ చీటీల పుస్తకం ఈరోజే మొదలుపెట్టండి. తర్వాత సంగతి మీ ఆడిటరు చూసుకుంటారు.

మంచం, బీరువా అమ్మకానికి పెట్టాను. మిలటరీలో పనిచేస్తున్నానంటూ ఒకాయన ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమంటున్నాడు. (ఒక ఉద్యోగి, వినుకొండ)

చెయ్యకండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్ను అంతకన్నా అక్కర్లేదు. యూపీఐ పిన్ను కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. సరుకు చూడకుండా, బేరం ఆడకుండా చెప్పిన ధరకు ఒప్పుకున్నాడంటేనే అనుమానించాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

పొలం దున్నుతుంటే కుండపెంకుల మధ్య చిన్న చిన్న నాణేలు బయటపడ్డాయి. ఫోనులో చూస్తే పాత నాణేలకు లక్షలిస్తామని ఉంది. (ఒక రైతు, మాచర్ల ప్రాంతం)

పెద్దాయనా, ఇవి అమ్మే సరుకు కాదు. మనది నాగార్జునకొండ ఉన్న సీమ. శాతవాహనులు, ఇక్ష్వాకులు సీసపు నాణేలు వేసిన నేల ఇది. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. దాచితే మీ వాటా పోతుంది, జైలు శిక్ష కూడా ఉంది. వాటిని కడక్కండి, రుద్దకండి. ఎక్కడ దొరికాయో గుర్తు పెట్టి తహసీల్దారు ఆఫీసు ద్వారా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. అవి ఏ మట్టిలో, ఏ పెంకుల పక్కన దొరికాయన్నదే చరిత్ర రాసేవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యం.

ఆ లక్షల ప్రకటనల సంగతి వేరు. ముందు "కమీషన్", "పన్ను" అని మీ దగ్గరే డబ్బు లాగుతారు. తమ పేరు చెప్పుకుని పాత నోట్లు, నాణేలు కొంటామనేవాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొని, బాగుచేయించి అమ్ముదామనుకుంటున్నాను. ఇప్పటికే బిల్లు లేని ఫోన్లు రెండు కొన్నాను. ఇబ్బందేమన్నా ఉందా? (ఒక యువకుడు, ముప్పాళ్ళ)

ఉంది. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొంటే మూడేళ్ళదాకా శిక్ష పడుతుంది. బిల్లు లేదు, ధర సగానికి సగం తక్కువ అంటే కారణం ఉన్నట్టే లెక్క. కొనేముందు ఫోనులో *#06# కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కె వై ఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోను సంగతి తెలుస్తుంది. సంచార్ సాథీ వెబ్‌సైటులో కూడా చూడొచ్చు. అమ్మినవాళ్ళ ఆధార్ ప్రతి, సంతకం పైన జీఎస్టీ జవాబులో చెప్పిన చీటీల పుస్తకంలో ఉండాలి.

మీ దగ్గరున్న రెండు ఫోన్లూ ఈ సాయంత్రమే ఇలా పరీక్షించండి. బ్లాక్ చేసిన ఫోనని తేలితే రీసెట్ చేయించొద్దు, ఇంకొకరికి అమ్మొద్దు. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారో కాగితం మీద రాసి, దాంతోపాటు ఫోనును పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.