పాత ఇల్లు విప్పాలంటే మిర్గం లోపే

పత్తి కట్టె పీకి, దుక్కి చేసి వానకు ఎదురుచూసే ఏప్రిల్, మే నెలలే పాత ఇంటి పనికి అదను. కైకిలి మనుషులు దొరుకుతారు, ట్రాక్టర్లు ఖాళీగా ఉంటాయి, మట్టిగోడ ఎండి గట్టిగా నిలబడి ఉంటుంది. మిర్గం (మృగశిర కార్తె) పడి నాలుగు వానలు కురిశాయంటే ఆ గోడే నీళ్లు తాగి ఎటు ఒరుగుతుందో చెప్పలేం.

అసలు కూల్చాలా అన్నది ముందు తేల్చుకోండి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు పాత పెంకుటిళ్లలో చాలావాటికి కప్పు బరువును మోసేది గోడ కాదు, టేకు మొగురాలు. వాటి మీద దూలాలు, ఆపైన దంతెలు, వాసాలు. మట్టిగోడ మధ్యలో అడ్డుగా నిలిచినదే. కాబట్టి గోడ పగిలినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. మొగురం మొదట్లో, దూలం గోడలో దిగిన చోట ఇనుప మేకుతో పొడిచి చూడండి. మేకు లోపలికి దిగకపోతే కర్ర బతికే ఉంది. అలాంటి ఇంటికి పెంక సర్ది, పగిలిన గోడను కట్టుకుంటే తక్కువలో పోతుంది. మే నెల ఎండలో 45 డిగ్రీలు చూసే జిల్లా మనది, చలికాలంలో కొన్ని ఊళ్లలో 5 డిగ్రీల లోపుకు దిగుతుంది. ఆ రెండింటినీ తట్టుకున్న గోడను ఊరికే పడగొట్టవద్దని నా మాట. ముందు అర్రలు కూలినా వెనుక భాగం బాగుంటే దాన్ని విత్తనాలకు, పనిముట్లకు ఉంచుకోవచ్చు. చెదలు పట్టి మేకు మెత్తగా దిగిందా, మొగురం ఒరిగిందా, అప్పుడు ఆలస్యం చేయకండి.

కాగితాల సంగతి. ఊరి ఆబాదిలోని ఇంటికి పొలంలా పాసుబుక్కు ఉండదు. ఇంటి నంబరు, పన్ను రసీదులే మీ చేతిలోని ఆధారం. ఇల్లు పోయి ఖాళీ జాగా మిగిలితే హద్దు గొడవ మొదలవుతుంది. కూల్చేముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి, కొలతలు రాసి, వాటిపై పక్కింటివాళ్లతో సంతకాలు పెట్టించండి. నాలుగు మూలల్లో పునాది రాళ్లను కదల్చకండి. ఇల్లు తండ్రి పేరున ఉంటే అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ల ఒప్పుదల కూడా రాతపూర్వకంగా తీసుకోండి, వాళ్లకూ వాటా ఉంటుంది. ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు చేసినవాళ్లు మంజూరు పత్రం చేతికి రానిదే గడ్డపార పట్టవద్దు. ఆ పథకం కింద ఇచ్చే 5 లక్షలు ఒకేసారి రావు, పని నడిచిన కొద్దీ వస్తాయి. మొదటి విడత బేస్‌మెంట్ లేచాకే. అంటే కూల్చే ఖర్చు, అందాక అద్దె ఇంటి ఖర్చు మీ జేబులోంచే పోతాయి.

ఇప్పుడు ఖర్చు. మూడు దారులున్నాయి: మనుషులతో మొత్తం విప్పించడం, జేసీబీతో ఒకే రోజు నేలమట్టం చేయించడం, కప్పు మనుషులతో దించి గోడలకు మాత్రమే జేసీబీని పిలవడం. మూడోదే రైతుకు లాభం. ఎందుకో లెక్క వేసి చూద్దాం. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఇల్లు, మధ్యలో ఒక అడ్డగోడ. మొత్తం గోడ 155 అడుగులు, ఎత్తు 9, మందం ఒకటిన్నర. అది దాదాపు 2,100 ఘనపుటడుగుల మట్టి. కూలాక గుల్లబారి పావు వంతు పెరిగితే 2,600. ట్రాలీకి 100 పడితే 26 ట్రిప్పులు. ట్రిప్పుకు 600 అనుకుంటే 15,600. జేసీబీ 8 గంటలు, గంటకు 1,200 చొప్పున 9,600. కప్పు దించడానికి ఐదుగురు, నాలుగు రోజులు, కైకిలి 700 వంతున 14,000. కలిపితే 39,200. ఈ రేట్లు లెక్క చూపడానికి వేసినవి, మీ ఊరి రేటు పెట్టి మళ్లీ వేసుకోండి.

మరోవైపు కర్ర. 16 అడుగుల పొడవు, 8 అంగుళాలు 6 అంగుళాల దూలం ఒక్కటి 5.3 ఘనపుటడుగులు. నాలుగు దూలాలకు 21. తొమ్మిదడుగుల మొగురాలు, ఆరంగుళాల చదరం, పన్నెండుంటే 27. మొత్తం 48. పాత టేకుకు ఘనపుటడుగుకు వెయ్యే వచ్చిందనుకున్నా 48 వేలు, దర్వాజలు, వాసాలు ఇందులో కలపలేదు. జేసీబీ బకెట్ తగిలితే ఆ దూలం చీలి పొయ్యిలోకే పనికొస్తుంది. 'పైసా తీసుకోకుండా కూల్చి, కర్ర మేం తీసుకుపోతాం' అని వచ్చే గుత్తదారుతో మాట్లాడే ముందు టేపు పట్టి ఈ కొలత వేసుకోండి, సామిల్లులో ధర కనుక్కోండి. అమ్మినా, మరో ఊరికి తోలుకున్నా పంచాయతీ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ముందే అనుమతి అడగండి. అడవి జిల్లాలో టేకు ట్రాక్టరు కనబడితే చెక్‌పోస్టు దగ్గర ఆపుతారు, పాత కర్రేనని అక్కడ నిరూపించుకోవడం కష్టం.

పని మొదలుపెట్టే ముందు లైన్‌మన్‌ను పిలిచి స్తంభం దగ్గరే కరెంటు తీయించండి. మీటరు తీయిస్తే రసీదు దాచుకోండి. విప్పే వరుస ఇది: పెంక, వాసాలు, దంతెలు, దూలాలు, చివరికి గోడ, అదీ పైనుంచి కిందికి. గోడను కింద తవ్వి పడగొట్టే అలవాటు ప్రాణాలు తీస్తుంది. పెంకల కింద తేళ్లు, గోడ బొక్కల్లో పాములు ఉంటాయి, చేతులకు తొడుగులు లేనిదే ఎవరినీ ఎక్కనివ్వకండి. సిమెంటు రేకులుంటే పగలగొట్టవద్దు. వాటిలోని ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా తేలుతుంది. నీళ్లు చల్లి, బోల్టులు విప్పి నిండు రేకుగానే దించండి. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయండి. సాయంత్రం గాలిదుమారం లేచే కాలమిది, కప్పు తీసిన ఒంటి గోడను రాత్రికి నిలబెట్టి వదలవద్దు.

జేసీబీ లోపలికి వచ్చే ముందు ఇంట్లోని పెద్దవాళ్లను పాతర ఎక్కడుండేదో అడగండి. జొన్నలు దాచిన పాతరల్లో కొన్ని పైన మూసి, లోపల బోలుగానే ఉంటాయి. చక్రం దిగితే బండి ఒరుగుతుంది, మనిషి దిగితే గాలి ఆడక పడిపోతాడు. తవ్వకంలో బిందె, నాణేలు దొరికితే దాచవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న ఏ నిధినైనా కలెక్టరుకు తెలపాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే నగల బిందె బయటపడి అధికారుల చేతికి వెళ్లింది.

గోడ మట్టిని వాగులో పోయకండి. పాత ఊరి దిబ్బల పాటిమన్ను చేలకు తోలుకున్న తాతలకు దాని బలం తెలుసు, ఏళ్ల తరబడి మనిషి, పశువు మసలిన మట్టిలో నత్రజని చేరుతుంది. కానీ ఉప్పు కూడా చేరుతుంది. తోలేముందు ఒక దోసెడు ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రానికో, మట్టి పరీక్షా కేంద్రానికో పంపండి. సున్నం, సిమెంటు పూత ఉన్న మట్టిని పొలంలో వేయవద్దు. మన రేగడిలో సున్నం ఇప్పటికే ఎక్కువ, ఇంకా కలిపితే పత్తికి జింకు, ఇనుము అందక ఆకు పసుపు తిరుగుతుంది. ఆ పెళ్లలు బండ్ల బాట గుంతల్లో వేసి అణగదొక్కండి. మేకులు, గాజు ముక్కలు ముందే ఏరాలి, ఎద్దు గిట్టలో గుచ్చుకుంటే సీజనంతా దెబ్బే.

మే చివరికి పని మొదలు కాకపోతే ఈ ఏటికి ఆపేయండి. పెంక తీయకండి, జారినవి సర్దండి, ఒరిగిన గోడకు కర్ర ఆనించండి, అందులో ఎవరూ పడుకోకుండా, పశువులను కట్టకుండా చూడండి. దసరా దాటి మట్టి మళ్లీ ఆరాక విప్పించుకోవచ్చు.