వైర్‌లెస్ సెట్లను కలిపే పెట్టె

జాతరలో పోలీసు చేతిలో చిన్న సెట్టు మీరు చూసే ఉంటారు. అందులోంచి బర్రుమని చప్పుడు వస్తుంది. మధ్యమధ్య మాటలు వినిపిస్తాయి. పోలీసు పక్కనున్న బటన్ నొక్కి మాట్లాడతాడు. బటన్ వదిలి వింటాడు. అదే వైర్‌లెస్ సెట్టు. దీనికి తీగ అక్కరలేదు. మాట కంటికి కనపడని అలగా మారి గాలిలో పోతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి. లోపలి ఊళ్ళు ఏమయ్యాయో బయటివాళ్ళకు వెంటనే తెలియలేదు. అలాంటి రోజున సాయానికి వచ్చేవాళ్ళకు పడవ ఎంత అవసరమో, వైర్‌లెస్ సెట్టూ అంత అవసరం.

అయితే అందరి చేతుల్లో సెట్లు ఉంటే చాలదు. ఒక శాఖ సెట్టులో మాట్లాడితే ఇంకో శాఖ సెట్టులో వినపడదు. రేడియోలో విజయవాడ కేంద్రం పెట్టుకుంటే విశాఖపట్నం కేంద్రం వినపడదు కదా. ఇదీ అంతే. పోలీసుల చానెల్ వేరు. ఫైరింజను వాళ్ళ చానెల్ వేరు. కొన్ని సెట్లయితే తయారీయే వేరు, ఎంత తిప్పినా కలవవు. ఏ శాఖ సెట్లు ఆ శాఖ కొనుక్కుంటుంది. పక్క శాఖను అడిగి కొనేదెవరు?

దీనివల్ల ఎంత నష్టం జరుగుతుందో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో తెలిసివచ్చింది.

అక్కడ పక్కపక్కనే రెండు పెద్ద మేడలు ఉండేవి. ఒక్కొక్కటి 110 అంతస్తులు. 2001 సెప్టెంబరు 11 ఉదయం దుండగులు రెండు విమానాలతో వాటిని ఢీకొట్టారు. పై అంతస్తులు అంటుకున్నాయి. ఫైరింజను వాళ్ళు బరువైన సామాను మోసుకుంటూ మెట్లెక్కారు. 9 గంటల 59 నిమిషాలకు దక్షిణం వైపు మేడ కూలిపోయింది. ఉత్తరం మేడ మెట్ల మీద ఉన్న చాలామందికి ఆ సంగతే తెలియదు.

కింద ఉన్న ఫైరు అధికారి వెంటనే సెట్టులో చెప్పాడు, అందరూ దిగి వచ్చేయమని. ఆ మాట అందరికీ చేరలేదు. అంత ఎత్తు మేడలో చిన్న సెట్ల మాట సరిగా అందదు. పైగా ఒకే చానెల్‌లో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు.

ఆకాశంలో పోలీసు హెలికాప్టర్ తిరుగుతోంది. పైనుంచి చూసేవాళ్ళకు మేడ పరిస్థితి బాగా కనపడుతుంది. 10 గంటల 7 నిమిషాలకు హెలికాప్టర్ నడిపే అతను సెట్టులో చెప్పాడు, ఈ మేడ ఇంక ఎంతోసేపు నిలవదు, అందరినీ పంపించేయండి అని. ఆ మాట పోలీసుల సెట్లలో వినపడింది. ఫైరింజను వాళ్ళ సెట్లలో వినపడలేదు. 10 గంటల 28 నిమిషాలకు ఉత్తరం మేడ కూడా కూలింది.

మధ్యలో 21 నిమిషాలు.

ఆ రోజు రెండు మేడల దగ్గరా కలిపి 343 మంది ఫైరు శాఖ వాళ్ళు చనిపోయారు. సెట్లు కలిసి ఉంటే ఎంతమంది బతికేవారో ఎవరూ చెప్పలేరు. దిగిపొమ్మన్న మాట వినికూడా, నడవలేనివాళ్ళను వదిలి రానివాళ్ళు ఉన్నారు. కాని వినని మాటకు ఎవరు మాత్రం దిగి వస్తారు?

సెట్లను కలపడానికి ఒక పెట్టె ఉంది. అప్పటికే అలాంటివి ఉన్నాయి. ఆ తర్వాత చాలాచోట్ల కొన్నారు. సూట్‌కేసంత ఉంటుంది. జీపులో పెట్టుకుని పోవచ్చు.

ఇద్దరు తోటికోడళ్ళకు మాటలు లేవనుకోండి. మధ్యలో ఒక పిల్ల ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తుంది. పెట్టె చేసే పని అదే. పిల్లయితే ఒక మాట కలుపుతుందేమో, పెట్టె కలపదు. ప్రతి శాఖా తన సెట్టు ఒకటి తెచ్చి ఇస్తుంది. వాటిని తీగలతో పెట్టెకు తగిలిస్తారు. పోలీసు సెట్టులో విన్న మాటను పెట్టె ఫైరు సెట్టులోకి పంపుతుంది. బటన్ నొక్కే పని కూడా అదే చేసుకుంటుంది. కొత్త సెట్లు కొననక్కరలేదు.

పెట్టెను మంటకు, నీటికి దూరంగా, మెరక మీద పెట్టాలి. కరెంటు ఉండదు కాబట్టి బండి బ్యాటరీకి తగిలిస్తారు. సెట్ల ఏరియళ్ళను ఒక్కచోట గుత్తిగా పెట్టకూడదు. పెడితే ఒకటి మాట్లాడేటప్పుడు పక్కదానికి చెవుడు వచ్చినట్టే. వాటిని ఎడంగా, ఎత్తుగా నిలపాలి. ముందు ఒక్కొక్క సెట్టునూ విడిగా పలికించి చూడాలి. గొంతు మరీ పెద్దదైతే తగ్గించాలి. ఆ తర్వాతే రెండేసి కలపాలి.

అవసరమైన వాళ్ళనే కలపాలి. అందరినీ కలిపితే చేపల బజారే. ఒక మనిషి పెట్టె దగ్గరే కూచుని వింటూ ఉండాలి. పని అయ్యాక విడదీయాలి. అవే రెండు చానెళ్ళను రెండు పెట్టెలతో కలపకూడదు. కలిపితే ఒకే మాట గుండ్రంగా తిరుగుతూ చానెల్‌ను వదలదు.

ఏ శాఖ గుర్తు మాటలు ఆ శాఖకే తెలుస్తాయి. అందుకని పెట్టె మీద అందరికీ తెలిసే మాటలే వాడాలి. ఇంకొకటి. బటన్ నొక్కగానే మాట్లాడకూడదు. పెట్టె అందుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఆలోగా అన్న మాట పోతుంది. "ఎడమ మెట్లు ఎక్కొద్దు" అంటే అవతల "మెట్లు ఎక్కొద్దు" అని మాత్రమే వినపడుతుంది. కుడి మెట్లు మంచివే అయినా వాళ్ళు వాటినీ ఎక్కరు.

ఇద్దరిద్దరు కూచుని ఇది చేసి చూడండి. ఒకరు చెవులు మూసుకోవాలి. రెండోవారు "తూర్పు గట్టు తెగింది" అని మొదలుపెట్టగానే చెవులు తెరవాలి. విన్నదాన్ని పలక మీద రాయాలి. తర్వాత, నోట్లో ఒకటి లెక్కపెట్టుకుని మళ్ళీ చెప్పండి. రెండుసార్లు రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి.