పాల చల్లదనాన్ని కనిపెట్టే చిన్న పరికరం: కొత్తవారికి పాఠం

సేకరించిన పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరచాలని సభ్య సంఘాలకు తెలిసినదే. రాత్రి కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే బల్క్ కూలర్‌లో పాలు మెల్లగా వేడెక్కుతాయి. ఆ సంగతి తెల్లవారి ట్యాంకరు వచ్చాక తెలిస్తే ఊరందరి పాలకూ నష్టమే. హద్దు దాటగానే దీపం వెలిగించే పరికరాన్ని మన సంఘాల యువకులే కూర్చవచ్చు.

ఇందుకు పనికివచ్చేది ఆర్డువినో ఉనో బోర్డు. ఆర్డువినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, విద్యార్థుల కోసం పుట్టింది. దీనితో బ్రెడ్‌బోర్డు వాడితే టంకం వేయనక్కరలేదు. బ్రెడ్‌బోర్డు నడిమి గాడికి ఇరువైపులా, ఒక్కొక్క వరుసలోని అయిదు రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. కనుక ఒక రెసిస్టరు రెండు కాళ్ళనూ ఒకే వరుసలో గుచ్చరాదు.

చేయవలసిన పని:

1. ఎల్‌ఇడి పొడవు కాలిని 220 ఓముల రెసిస్టరు ద్వారా 13వ పిన్నుకు, పొట్టి కాలిని గ్రౌండుకు కలపండి. బోర్డుతో వచ్చే 'బ్లింక్' ప్రోగ్రాముతో దీపం మినుకుమనాలి.

2. డిఎస్18బి20 ఉష్ణోగ్రత సెన్సరుకు మూడు తీగలుంటాయి. సాధారణంగా ఎరుపు 5 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, పసుపు 2వ పిన్నుకు. ఎరుపు, పసుపు తీగల మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టరు తప్పనిసరి. రంగులు మారవచ్చు, వెంట వచ్చిన కాగితం చూడండి.

3. ప్రోగ్రాములో హద్దును 6 డిగ్రీలుగా పెట్టండి.

4. నలగగొట్టిన మంచు, నీరు కలిపిన గిన్నెలో సెన్సరు ముంచండి. సున్నాకు అర డిగ్రీ అటూ ఇటూ చూపితే సరి.

-127 చూపితే తీగ ఊడినట్లు, లేదా రెసిస్టరు మరచినట్లు. 85 చూపితే సెన్సరు ఇంకా కొలవలేదన్నమాట. కరెంటు తీగ వదులేమో చూడండి.

దీపం వెలిగించడం ఒక పూట పని. సెన్సరుకు కొంత ఓర్పు కావాలి. కొత్తవారిని ఎక్కువగా తిప్పలు పెట్టేది ప్రోగ్రాము కాదు, వదులు తీగలే. కూలర్ గది అదురుకు బ్రెడ్‌బోర్డు నిలవదు. నిత్యం వాడాలంటే టంకం వేయించి, కరెంటు పోయినా పనిచేసేలా పవర్ బ్యాంకు పెట్టాలి.

హెచ్చరిక: అమ్మే పాలలో సెన్సరు ముంచరాదు. కూలర్‌కు థర్మామీటరు గొట్టం ఉంటే, మెకానిక్కు అనుమతితో అందులోనే ఉంచాలి. 230 వోల్టుల తీగలను ముట్టరాదు. రిజిస్టరులో థర్మామీటరు లెక్క రాయడం మానరాదు.

అభ్యాసం: రెసిస్టరు రెండు కాళ్ళూ ఒకే వరుసలో గుచ్చితే ఏమవుతుంది? హద్దును సరిగ్గా 4 డిగ్రీలకే పెడితే వచ్చే చిక్కేమిటి?