పీరియడు లెక్కన పాఠాలు

మన దేశంలోని కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళు రెండు రకాలు. నెల జీతం అందుకునేవారు కొందరు, పీరియడుకింత అని తీసుకునేవారు మరికొందరు. ఈ రెండోవారిని పార్ట్ టైం లెక్చరర్ అనో, గెస్ట్ లెక్చరర్ అనో అంటున్నాం. గెస్ట్ అంటే అతిథి. ఏడాది పొడుగునా రోజూ పాఠం చెప్పే మనిషి అతిథి ఎలా అవుతాడు?

లెక్క చూద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2019 జనవరిలో గెస్ట్ లెక్చరర్లకు పీరియడుకు 1,500 రూపాయలు నిర్ణయించింది. నెలకు 50,000 మించరాదని గీత కూడా గీసింది. అర్హతలు మాత్రం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఉండవలసినవే. 33 పీరియడ్లు చెప్పేసరికి ఈ గీత దగ్గరకు వచ్చేస్తాం. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు బోధించాలి. గెస్ట్ లెక్చరర్ కూడా అంతే బోధిస్తే నాలుగు వారాలకు 64 గంటలు. రేటు ప్రకారం 96,000 రావాలి, చేతికొచ్చేది 50,000. మిగతా సగం పాఠాలు దాదాపు ఉచితమే! పైగా ఇది గరిష్ఠం. ఈ మాత్రం కూడా ఇవ్వని కళాశాలలు ఎన్నో.

పాఠం తయారు చేసుకోవడం, పేపర్లు దిద్దడం, సందేహాలు తీర్చడం ఈ లెక్కలోకి రావు. వేసవి సెలవుల్లో పీరియడ్లు ఉండవు, డబ్బూ ఉండదు. పెన్షన్, గ్రాట్యుటీ, రెగ్యులర్ వారికుండే సెలవులు అసలే లేవు.

"ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా" అంటారు కొందరు. ఖాళీ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకుండా ఉంచి, చదువుకున్నవాడికి మరో దారి లేకుండా చేసి, ఆపైన ఇష్టం సంగతి మాట్లాడటం న్యాయమేనా?

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన వేతన సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో చెప్పింది. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలల కాంట్రాక్టు అధ్యాపకులు నెలకు 30,000తో పనిచేస్తూ కోర్టుకెక్కితే, వారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ కనీస స్కేలు ఇవ్వాలని 2025 ఆగస్టులో తీర్పు వచ్చింది. అయితే కోర్టుకెక్కే స్తోమత ఎందరికుంటుంది?

ఇది వాళ్ళ గొడవ, మనకెందుకని విద్యార్థులు అనుకోరాదు. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకో కాలేజీ తిరిగే లెక్చరర్‌కి మన సందేహం వినే తీరిక ఎక్కడిది? ఏడాది మధ్యలో ఆయన వెళ్ళిపోతే సగంలో ఆగేది మన సిలబస్సే. కనుక నెలవారీ జీతం, వేసవికి కూడా వేతనం, ఖాళీల భర్తీ అనే ఈ మూడు కోరికలనూ మన సంఘం తన కోరికల పత్రంలో చేర్చుకోవాలి.