డీజిలు ఇంజను వేడెక్కుతోందా? ముందు చిన్న గొట్టం చూడండి

వరి పొట్ట మీద ఉంటుంది. కాలువలో నీరు తగ్గుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంజను వేడెక్కి మొరాయిస్తే రైతుకు కాలూ చెయ్యీ ఆడదు. లారీలో అయితే వేడిని చూపే ముల్లు ఉంటుంది. పొలంలో నీళ్లు తోడే చిన్న ఇంజన్లలో చాలావాటికి అది ఉండదు. మీ కన్ను, చెవి, ముక్కే దానికి హెచ్చరిక గంట.

గుర్తులివీ: స్పీడు తగ్గుతుంది, చప్పుడు బరువెక్కుతుంది, మాడు వాసన, ఆవిరి వస్తాయి.

వెంటనే ఏం చేయాలి?

నీటితో చల్లబడే ఇంజన్లలో చాలావాటికి పంపు డెలివరీ నుంచే చిన్న గొట్టం ద్వారా నీరు అందుతుంది. అందుకే పంపు నీరు వదిలేస్తే ఇంజనుకూ నీరు ఆగిపోతుంది. ఇంజను నుంచి బయటికొచ్చే నీటిధార ఆగితే ఆలస్యం చేయకుండా ఇంజను ఆపేయండి. ధార వస్తూ, నీరు బాగా కాగిపోతుంటే స్పీడు తగ్గించి కొద్ది నిమిషాలు నడిపి ఆపండి.

కంగారుపడి కాలిన ఇంజను మీద బిందెడు చన్నీళ్లు కుమ్మరించొద్దు. హెడ్డు పగులుతుంది. దానంతట అదే చల్లారనివ్వండి.

చల్లారాక ఇలా వరుసగా చూడండి

1. ఫుట్‌వాల్వు జల్లెడకు నాచు, చెత్త పట్టిందా? అది నీటిలో పూర్తిగా మునిగి ఉందా? సక్షన్ పైపు అతుకుల్లో గాలి పీలుస్తోందా?

2. చిన్న గొట్టం మడత పడిందా? బురదతో పూడిందా? విప్పి ఊది చూడండి.

3. ఆయిలు గేజి కడ్డీ తీసి చూడండి. తగ్గితే పోయండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయన్నమాట. ఇక స్టార్టు చేయకండి, మెకానిక్కును పిలవండి.

4. ఇవన్నీ బాగుండి కూడా వేడెక్కుతుంటే లోపల ఉప్పు, బురద పేరుకుని ఉండవచ్చు. నల్లపొగ కూడా వస్తుంటే గాలి ఫిల్టరు, నాజిలు చూపించండి.

మరీ చల్లగా ఉన్నా నష్టమే

బయటికొచ్చే నీరు చల్లగా ఉంటే డీజిలు ఎక్కువ తాగుతుంది. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి, అంటే సుమారు 60 నుంచి 70 డిగ్రీలు ఉండాలి. చిన్న గొట్టానికి కుళాయి పెట్టించుకుంటే దీన్ని సరిచేసుకోవచ్చు. కుళాయిని మాత్రం పూర్తిగా కట్టేయొద్దు.

రోజూ స్టార్టు చేశాక ఒక్క నిమిషం నిలబడి ఆ ధార చూసి, తర్వాతే మడి గట్టు మీదికి వెళ్లండి.