తమ్ముడి బీరు పుస్తకం

ధర్మవరం,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడా,

పండక్కి వచ్చి పోతూ హిందూపురంలో బీరువా మీద నువ్వు మర్చిపోయిన నోటుబుక్కు నా దగ్గరికి చేరింది. అమ్మ దాన్ని నీ కంపెనీ లెక్కల పుస్తకం అనుకొని, కందిపొడి డబ్బా కింద భద్రంగా పెట్టి పంపించింది. తెరిచి చూస్తే నలభై మూడు బీర్ల పేర్లు, ఎదురుగా మార్కులు. భయపడొద్దు, అమ్మతో అనలేదు.

నీకు ఇరవై ఆరేళ్లు, నీ సంపాదన నీది. తాగొద్దని నీతులు చెప్పే మొహం నాకెక్కడిది? బెంగళూరు పక్కన ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో ఆరేళ్లు పని చేసి, పొద్దున పదకొండుకల్లా గ్లాసులు ముందు పెట్టుకొని రుచి చూసి జీతం తీసుకున్నదాన్ని. మా అత్తగారికి మాత్రం అది ఇప్పటికీ ‘ఫుడ్ కంపెనీ’నే. ఆవిడకు నువ్వు కూడా అట్లే చెప్పు.

నాకు కోపం వచ్చింది నువ్వు తాగినందుకు కాదురా, రాసినందుకు. నలభై మూడింట్లో ముప్పై తొమ్మిదింటికి నాలుగో, నాలుగున్నరో. పక్కన ‘సూపర్ స్మూత్’, ‘కిక్ ఉంది’, ‘సెల్వన్ బర్త్‌డే, బలే ఉండింది’. ఆ పేజీ చదివితే సెల్వన్ పుట్టినరోజు బాగా జరిగిందని తెలుస్తుంది. బీరు ఎట్లా ఉందో తెలియదు. ఇంకో ఆర్నెల్లకు నువ్వే చదువుకున్నా నీకూ తెలియదు.

నాయన మండీ గుర్తు తెచ్చుకో. వేసవి సీజన్లో నువ్వూ నేనూ సెలవులంతా ఆ చింతపండు రాశుల మధ్యే ఆడుకున్నాం. రాశి దగ్గరికి పోగానే నాయన ధర చెప్పడం ఎప్పుడైనా చూశావా? ఒక తొన విరిచి, వెలుతురుకు పెట్టి రంగు చూస్తాడు. వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నాలుక కొసకు ఆనిస్తాడు. ముందు అది ఏ రకమో అంటాడు: కరిపులా, ఫ్లవరా. తర్వాత ఈ ఏటిదా, పోయినేటిదా. తర్వాత నీళ్లేమైనా చల్లినారా. అంకె నోట్లోంచి వచ్చేది అన్నిటికన్నా చివర. ఇంకో సంగతి: ఫ్లవర్ రాశి ముందు నిలబడి ‘ఇది కరిపులి మాదిరి లేదే’ అని పెదవి విరిచే వ్యాపారి మన మార్కెట్లో ఒక్కడూ ఉండడు. అట్లా అంటే నవ్విపోతారు. ఫ్లవర్‌ను ఫ్లవర్‌తోనే తూస్తారు.

నువ్వు చేసింది సరిగ్గా ఆ నవ్వులాట పనే. పదిహేడో పేజీలో గోధుమ బీరు గురించి ‘అరటిపండు వాసన, పాడైందేమో’ అని రాసి రెండు మార్కులు పడేశావు. బవేరియా గోధుమ బీరు, వాళ్లు హెఫెవైజెన్ అంటారు, అరటిపండు వాసన రావాల్సిన బీరే. అందులో అరటిపండూ లేదు, ఎసెన్సూ లేదు. ఆ రకం ఈస్టు పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. పండిన అరటిలో వాసన కూడా దానిదే. వెనకే లవంగం ఘాటు ఉంటుంది, అదీ ఈస్టు పనే. ఆ రెండూ లేకపోతే తక్కువ వేయాలి. అదే అరటి వాసన చల్లగా, మెల్లగా పులియబెట్టిన పిల్స్‌నర్‌లో వస్తే అప్పుడు నువ్వు రెండు వేసినా నేను మాట్లాడను. కాబట్టి గ్లాసు పట్టుకోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: నువ్వు ఏం అవుదామని వచ్చావు?

మన వైపు ఈ ప్రశ్న అలవాటు లేకపోవడంలో వింతేం లేదు. బీరంటే మనకు రెండే రకాలు: లైట్, స్ట్రాంగ్. చిన్నాన్నలు, మామలు ‘చల్లగా ఉందా, ఎక్కుతుందా’ అని తప్ప మూడో మాట అడిగి ఎరగరు. రుచి మాట్లాడుకునే తీరిక మన ఊళ్లకు ఎక్కడ దొరికింది? హిందూపురం ఎమ్మెల్యేగా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని సడలించేదాకా తాగేవాడు రాష్ట్రమే దాటాలి. మనకు రాష్ట్రం దాటడమంటే గౌరిబిదనూరు పోవడమే కదా. దొంగచాటుగా గుటకేసేవాడు వాసన చూస్తూ కూర్చుంటాడా? అవ్వ మాత్రం ఆ రెండేళ్లే ఇంట్లో ప్రశాంతంగా నిద్రపోయానని అనేది. అదీ మర్చిపోవద్దు.

రకాలు మనకు దగ్గరికి వచ్చింది ఈ మధ్యనే. పూణేలో తమ బీరు తామే కాచుకునే డూలాలీ మొదలైంది 2009లో. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ తెరిచింది 2010లో. తర్వాత ఆ ఊరు వీధికొకటిగా బీరు కాచుకోవడం మొదలుపెట్టింది. టాయిట్ వాళ్లు బాస్మతి బియ్యం వేసి ఒక బ్లాండ్ ఏల్ చేస్తారు. బియ్యం వేసేది బీరును పల్చగా, తేలిగ్గా చేయడానికే. అట్లాంటి దాన్ని తాగి ‘ఒంట్లో పస లేదు’ అని రాస్తే తప్పు రాసినవాడిదే.

బీరు గురించి పుస్తకాలు తిరగేయకముందు అమ్మ వంటింట్లోకి పో. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టి, మొలక తెల్లగా తలెత్తాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మర పట్టిస్తుంది. మనం మాల్ట్ అని తాగుతాం. బీరు కోసం బార్లీకి చేసేది కూడా ఇంతే, మాట కూడా అదే, మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు మేలుకొని పిండిని చక్కెర చేయడం మొదలుపెడతాయి. మొలకెత్తిన గింజను నమిలి చూడు, తియ్యగా తగులుతుంది. ఈస్టు తినేది ఆ చక్కెరనే. ఇక వేయించడంలో ఉంది రంగంతా. దోరగా వేయిస్తే బిస్కెట్టు, ఇంకొంచెం పోతే బెల్లప్పాకం, నల్లగా మాడిస్తే కాఫీ. నీ పుస్తకంలో స్టౌట్‌ల పక్కన ‘డార్క్, స్ట్రాంగ్’ అని రాశావు. నలుపు వేపుడు నుంచి వస్తుంది, మత్తుకూ దానికీ సంబంధం లేదు. నాలుగు శాతం ఆల్కహాలుతో నల్లని స్టౌట్‌లు ఉన్నాయి, తొమ్మిది శాతంతో బంగారు రంగు బెల్జియం బీర్లూ ఉన్నాయి.

రాసేటప్పుడు మన ఇంటి మాటలే వాడు. ‘సిట్రసీ’ అని రాసినంత మాత్రాన ముక్కు పదునెక్కదు. నారింజ తొక్క గిల్లినప్పటి వాసనా, నిమ్మకాయ పిండినప్పటిదా, దబ్బకాయ ఊరగాయదా? ఐపీఏ రకం బీరులో హాప్స్ పూల చేదు కాకర చేదా, మెంతుల చేదా, గొంతులో ఎంతసేపు నిలిచింది? మామిడి వాసన అంటావు, పచ్చిదా, పండా, తాండ్రా? బెల్జియం వాళ్ల విట్ బీరులో ధనియాలూ నారింజ తొక్కా నిజంగానే వేస్తారు. ధనియాల వాసన పట్టడానికి మనకు ఎవరో వచ్చి నేర్పాలా? గోజె అని జర్మనీ పుల్లబీరు ఒకటుంది, అందులో ఉప్పూ ధనియాలూ పడతాయి. మొదటిసారి తాగినప్పుడు నేను కాగితం మీద రాసుకున్న మాట ‘తాలింపు వేయని మజ్జిగ’. మా ల్యాబు పెద్దాయన తమిళుడు, ఆ మాట చదివి పెద్దగా నవ్వి, సరిగ్గా పట్టావమ్మా అన్నాడు.

చెడ్డ వాసనలకు కూడా మన పేర్లే. పాతబడిన బీరు తడిసి ఆరిన అట్టపెట్టెలా ఉంటుంది. కొత్త చింతపండు ఎర్రగా ఉండి ఏడాదికి నల్లబడినట్టే, గాలీ వేడీ తగిలితే బీరు కూడా ముసలిదవుతుంది. అందుకే సీసా అయితే మూత తీయకముందు తయారైన తేదీ చూడు, మన ఎండల్లో లారీ మీద ఎన్నాళ్లు ఉందో ఊహించుకో. పచ్చ సీసాను కాసేపు ఎండలో పెట్టి తీస్తే వేరే కంపు పుడుతుంది. వెలుతురు తగిలి హాప్స్ చేదు విరిగిపోయే కంపు అది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. ఉడికిన మొక్కజొన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన, వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన, వీటికి రసాయనాల పేర్లు వేరే ఉన్నాయి, నీకు ఇప్పుడే అక్కర్లేదు.

వెన్న అంటే గుర్తొచ్చింది. ఆ వాసన నాకు సరిగా పట్టదు. చేరిన మొదటి ఏడాది వెన్న కంపు కొట్టే తొట్టి ఒకదాన్ని నేను ‘బాగుంది’ అని రాసేశాను. మిగతా నలుగురూ ముక్కు మూసుకున్నారు. తల కొట్టేసినట్టయింది. తర్వాత తెలిసింది, కొన్ని వాసనలకు కొందరి ముక్కు పుట్టుకతోనే మందం. అప్పటి నుంచి నా కాగితం మీద ‘వెన్న సంగతి పక్కవాళ్లను అడగండి’ అని రాసేదాన్ని. నీ ముక్కు దేనికి గుడ్డిదో నువ్వూ తెలుసుకోవాలి.

దానికి ల్యాబులో చేసే పరీక్ష ఇంట్లోనూ చేయొచ్చు. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరే. ఎవరైనా చాటుగా పోసి ఇవ్వాలి. తేడా గ్లాసు ఏదో నువ్వు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది, కాబట్టి ఒక్కసారి గెలిచి మీసం తిప్పొద్దు. బీరుతో కంటే ముందు కొత్త చింతపండు పులుసూ పాత చింతపండు పులుసూ పెట్టుకొని ఆడు. నాయనను కూర్చోబెడితే పదికి పదీ చెప్తాడు, చూడు.

కూర్చునే పద్ధతి రెండు ముక్కల్లో చెప్తా. ఆ పూట మిరపకాయ బజ్జీలు వద్దు, కారం తిన్న నాలుక గంటసేపు పనికిరాదు. మధ్యమధ్యలో నీళ్లు, ఉప్పు లేని నాలుగు బొరుగులు. సెంటు పూసుకొని పోవద్దు. లేతవాటితో మొదలుపెట్టి ముదురు వాటికీ చేదు వాటికీ పో. మంచులా చల్లగా తెస్తే గ్లాసును అరచేతుల్లో కాసేపు పట్టుకో, చలికి వాసనలన్నీ ముడుచుకుంటాయి. నురుగు ఉండగానే ముక్కు పెట్టి చిన్నగా రెండుసార్లు పీల్చు. వైన్ వాళ్లలాగా ఉమ్మేయకు, బీరు గొంతు దిగాకే దాని చివరి వాసన వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. అందుకే గుటక చిన్నదిగా ఉండాలి. నాలుగు చిన్న గ్లాసులు దాటాక నువ్వు రాసేది బీరు గురించి కాదు, నీ గురించి.

ఇక మార్కులు. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ల కాగితం యాభై మార్కులది. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే బరువుకూ గ్యాసు చురుకుకూ 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. చూపుకు మూడే! మా అత్తగారింట్లో పట్టుచీర మడత విప్పకముందే రంగు చూసి సగం బేరం అయిపోతుంది, ఇక్కడ రంగుదీ నురుగుదీ కలిపి మూడు మార్కులే. వాసనా రుచీ కలిస్తే ముప్పై రెండు. నువ్వు ఫోటోలు తీసుకుంటూ నురుగు దిగిపోయేదాకా ఆగితే పోగొట్టుకునేది వాసనకిచ్చే ఆ పన్నెండులోనే.

ఆ కాగితం కూడా ముందు రకం పేరు రాయమంటుంది. అందులో యాభైకి నలభై అయిదు దాటడం చాలా అరుదు. నీ లెక్కలో ముప్పై తొమ్మిది బీర్లు దాని దరిదాపులకు చేరాయి, నీది ధర్మాసుపత్రి మనసు. ఒక బీరును ఒక్కసారి తాగి రాయొద్దు. చిన్నచోట కాచేవాళ్లకు తొట్టి తొట్టికీ తేడా వస్తుంది. మూడుసార్లు, మూడు వేర్వేరు రోజుల్లో తాగాకే అంకె వేయి. పాటలు, కుర్చీలు, బిల్లు, సెల్వన్, ఇవన్నీ ఇంకో పుస్తకంలో రాసుకో.

నువ్వు పని చేసే ఎర్రమంచి ప్లాంటులోని కొరియావాళ్లతో స్నేహం చేశానన్నావు కదా. వాళ్ల బియ్యపు కల్లు మక్‌గల్లి గురించి అడుగు, మంచిదేదో చెడ్డదేదో వాళ్ల అమ్మలు ఎట్లా చెప్తారో అడుగు. వాళ్లు వాడే మాటలు రాసుకొని రా. నాకు వినాలని ఉంది.

ఒక్కటి మాత్రం అక్కగా కాదు, అమ్మగా చెప్తున్నా. పెనుకొండ నుంచి బెంగళూరుకు నువ్వూ నీ స్నేహితులూ కారులో పోతున్నారని పుస్తకంలోనే ఉంది, పెట్రోలు లెక్కలు కూడా అక్కడే రాశావు. తాగి ఆ హైవే ఎక్కినవాడి నాలుక ఎంత గొప్పదైతే నాకేంటి? శనివారం రైల్లో పో, రాత్రికి అక్కడే పడుకో, ఆదివారం రైల్లో రా. పెనుకొండలో దిగకుండా అట్లే ఇంకొంచెం ముందుకొస్తే ధర్మవరం, భోజనం పెడతా.

నోటుబుక్కు తిరిగి పంపుతున్నా. మార్కుల గడి మొత్తం కత్తిరించేశాను, తిట్టుకోకు. వచ్చే పది బీర్లకు మాటలే రాసి నాకు చూపించు. దీంతో పంపిన కందిపొడి డబ్బా ఖాళీ అయ్యాక అమ్మకు తిరిగి ఇవ్వాలి, పారేయొద్దు.

మీ అక్క