సైకిల్‌కి లైసెన్సు లేదు, మరి రూల్స్?

మా సింగరాయకొండ మీదుగా పోయే నేషనల్ హైవే 16 కోల్‌కతాని చెన్నైతో కలుపుతుంది. ఆ రోడ్డు మీద కంటైనర్ లారీ పోతుంది, దాని పక్కనే స్కూలుకి పోయే పిల్ల సైకిలూ పోతుంది. లారీ డ్రైవర్‌కి టెస్టు పెట్టి లైసెన్సు ఇస్తారు. సైకిల్‌కి టెస్టు లేదు, కాబట్టి నేర్పేవాళ్లూ లేరు. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకి ‘బడికొస్తా’ పథకం కింద సైకిళ్లు ఇచ్చారు, మంచి పనే. కానీ సైకిల్‌తో పాటు రోడ్డు రూల్స్ కూడా చెప్పాలి కదా!

వేరియబుల్ డిక్లరేషన్ చూడకుండా కోడ్ చదివితే ఎలా ఉంటుందో, డెఫినిషన్ చూడకుండా చట్టం చదివితే అలాగే ఉంటుంది. అందుకే ముందు డెఫినిషన్. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం యంత్రశక్తితో నడిచేదే మోటారు వాహనం. కాళ్లతో తొక్కే సైకిల్ అందులోకి రాదు. కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు. సెక్షన్ 129లో ఉన్న హెల్మెట్ రూల్ కూడా మోటార్ సైకిళ్లకే.

మరి ఎలక్ట్రిక్ సైకిల్? మోటారు పవర్ 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండి, ఆమోదం పొందిన మోడల్ అయితే దాన్ని సైకిల్‌గానే చూస్తారు. ఆ లిమిట్ దాటితే లైసెన్సు, నంబర్ ప్లేటు అన్నీ కావాలి. పాత సైకిల్‌కి పెద్ద మోటారు కిట్ బిగిద్దాం అనుకునే ఫ్రెండ్స్, ఇది గుర్తుపెట్టుకోండి.

అయితే సైకిల్‌ని చట్టం అసలు పట్టించుకోదని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 281 చూడండి. అందులో మోటారు వాహనం అని లేదు, ఏ వాహనమైనా అని ఉంది. ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది సైకిల్‌కీ వర్తిస్తుంది.

ఇప్పుడు మన హక్కులు. సైకిల్‌ని ఏదైనా బండి గుద్దితే, ఆ బండికి ఉన్న థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి నష్టపరిహారం అడగొచ్చు. గుద్దిన బండి ఆగకుండా వెళ్లిపోయి, అది ఏదో తెలియకపోయినా, సెక్షన్ 161 కింద చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు వస్తాయి. ఈ సంగతి తెలియక అప్లై చేయని కుటుంబాలకి ఆ డబ్బు అందదు.

ఇక్కడే రూల్స్ ఎందుకో అర్థమవుతుంది. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చామనుకోండి. ప్రమాదంలో మన తప్పు కూడా ఉందని తేలితే, ఆ తప్పు మేరకు పరిహారం తగ్గించొచ్చు. అంటే అడ్డదారి వల్ల ఒళ్లూ పోతుంది, డబ్బూ పోతుంది.

కాబట్టి ఈ ఐదూ పాటించండి:

1. ఎప్పుడూ ఎడమ పక్కనే, ఒకరి వెనక ఒకరు. సర్వీస్ రోడ్డు ఉంటే హైవే ఎక్కొద్దు.
2. హైవే దాటాలంటే దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి. అండర్‌పాస్ ఉంటే అందులోంచే.
3. తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపండి.
4. చీకటి పడితే ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి.
5. పొగాకు బేళ్లతో పోయే ట్రాక్టర్ ట్రక్కు పట్టుకుని వేలాడొద్దు. డ్రైవర్‌కి మీరు కనపడరు.

ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో సైకిల్ బొమ్మ ఉంటే అక్కడ సైకిల్‌కి ప్రవేశం లేదు. నీలం బోర్డులో తెల్ల సైకిల్ ఉంటే అది సైకిళ్ల దారి.

మనలో చాలామందిమి ఇప్పుడు బైక్ మీద తిరుగుతున్నాం. కానీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇంకా సైకిల్ మీదే బడికి పోతుండొచ్చు. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు వాళ్లకి ఈ ఐదూ చెప్పండి, సైకిల్ వెనక రిఫ్లెక్టర్ ఉందో లేదో చూడండి. లేకపోతే వెంటనే పెట్టించండి.